పాటిదిబ్బలు, గనిగుంతలు, బొమ్మలగుట్టలు – చిల్కూరు పరిసరాల ఆధారంగా ఒక పరిశీలన

‘పాటి’ అనే మాటకు నిఘంటువులు పలు అర్థాలు చూపుతాయి. సామ్యం, పరిమాణం, న్యాయం అనేవి కావ్యభాషలో ప్రసిద్ధాలు. వీటికి భిన్నంగా పల్లెప్రజల నోట వినిపించే పాటి మరొకటి ఉన్నది. ఊరికి కొంత దూరంలో, పొలాల నడుమ, చుట్టుపట్ల నేలకంటె ఎత్తుగా, బూడిదవన్నె మట్టితో, కుండపెంకులతో నిండి ఉండే దిబ్బను ‘పాటిదిబ్బ’ అనీ ‘పాటిగడ్డ’ అనీ అంటారు. అక్కడి మట్టి ‘పాటిమన్ను’. పూర్వం ఎప్పుడో జనం నివసించి విడిచిపెట్టిన ఊరి ఆనవాలే ఈ పాటి. హైదరాబాదు నగరం నడుమ బేగంపేటలో పాటిగడ్డ అనే వాడ నేటికీ ఆ పేరుతోనే ఉన్నది. ఆ దారిన పోయేవారిలో ఎందరికి ఆ పేరు అర్థం స్ఫురిస్తుందో చెప్పలేము.

వ్యాకరణదృష్టితో చూస్తే ఈ పాటి, ‘పాడు’ శబ్దపు ఔపవిభక్తిక రూపం. నాడు–నాటి, ఏడు–ఏటి, వీడు–వీటి వలెనే పాడు–పాటి. కనుక పాటిదిబ్బ అంటే పాడు యొక్క దిబ్బ అని షష్ఠీసమాసం. ఇక్కడొక చిక్కు, చిక్కుతో పాటు ఒక అందమూ ఉన్నది. తెలుగుదేశంలో ‘పాడు’ చివర గల గ్రామనామాలు వందలకొద్దీ ఉన్నవి. గ్రామనామ పరిశోధకులు ఆ పాడును నివాసవాచకంగా లెక్కిస్తారు. చింతలపాడు నుంచి చింతలపాటి అనే ఇంటిపేరు వచ్చింది. అక్కడ పాటి అంటే ఊరికి సంబంధించినవారని అర్థం. పాటిదిబ్బలో పాటి అంటే ఊరు పోయిన చోటికి సంబంధించినదని అర్థం. రూపం ఒక్కటే, ఒకటి నివాసాన్ని, మరొకటి నివాసనాశాన్ని చెపుతున్నది. ఈ రెండు పాడులు మూలంలో ఒకటా వేరా అనే చర్చ ఎటు తేలినా, క్షేత్రపరిశోధకునికి ఉపయోగపడే సంగతి ఒకటి ఉన్నది. పాటి అనే పేరు విన్న చోట నేల చూడక ముందుకు పోరాదు.

నైజాము రాష్ట్రపు రెవెన్యూ లెక్కలలో ఇటువంటి స్థలాలకు మరొక పేరున్నది: ‘బేచిరాగు’. ఇది పారసీక పదం. ‘బే’ అంటే లేని, ‘చిరాగ్’ అంటే దీపం. దీపం వెలగని ఊరు బేచిరాగు. ఊరికి ఎల్లలుంటాయి, సర్వే నంబర్లుంటాయి, శిస్తు ఉంటుంది, పక్క ఊరి రైతులు వచ్చి దున్నుకొని పోతుంటారు. ఇల్లు మాత్రం ఒక్కటీ ఉండదు. పన్ను వసూలు కోసం పుట్టిన ఒక కచేరీ మాటలో ఇంత కవిత్వం ఉండడం ఆశ్చర్యమే. పాటి అనేది జనం పెట్టిన పేరు, బేచిరాగు సర్కారు పెట్టిన పేరు. మొదటిది మట్టిని చూసి పెట్టినది, రెండవది ఇంటిని చూసి పెట్టినది. ఇవి రెండూ ఒకేచోట కలిసినప్పుడు ఆ ఊరు పాడుపడిన కాలం రెవెన్యూ దస్తావేజులకు అందేటంత దగ్గరిదని, పాటి మాత్రమే ఉండి బేచిరాగు లేనప్పుడు అది అంతకు పూర్వపుదని స్థూలంగా ఊహించవచ్చును. ఇది నియమం కాదు, తొలి పరీక్ష మాత్రమే.

ఊళ్ళు పాడుపడడానికి కారణాలు అనేకం. కరువులు, మారీమసూచికాలు, దండయాత్రలు, చెరువు తెగిపోవడం, బావుల నీరు చెడిపోవడం, బాట మరొక వైపు మారిపోవడం – ఇవన్నీ ఉన్నవి. జనం వెళ్ళిపోయినా కొన్ని వెంట రావు. ఊరి నడుమ పాతిన బొడ్రాయి, ఎల్లమ్మ గద్దె, ఆంజనేయుని బండ అక్కడే నిలిచిపోతాయి. ఏటికి ఒకసారి పాత ఊరి దేవతకు బోనం తీసుకుపోయే ఆచారం ఉన్న చోట, ఆ బాట పట్టుకొని పోతే పాటి దొరుకుతుంది. పాశ్చాత్యదేశాల మరుభూములలో నిర్జనపట్టణాల అన్వేషణ ఒక వేడుకగా సాగుతున్నది. అక్కడి ఎండకు కర్ర, గోడ చెడక నిలుస్తాయి గనుక ఊరు ఊరుగానే కంటికి కనపడుతుంది. ఇక్కడి వానలకు మట్టిగోడ నాలుగేళ్ళలో దిబ్బ అవుతుంది. కాబట్టి ఇక్కడ మొదట వెతకవలసినది గోడ కాదు, మాట. చిల్కూరు పరిసరాలు ఇందుకు మంచి ఉదాహరణ.

రంగారెడ్డి జిల్లా మొయినాబాదు మండలంలోని చిల్కూరు నేడు బాలాజీ దేవాలయం వలన దేశమంతటా ప్రసిద్ధం. 1908లో మూసీ వరదలు హైదరాబాదును ముంచిన తరువాత కట్టిన ఉస్మాన్‌సాగరు జలాశయం ఈ ఊరి అంచునే ఉన్నది. దాని నిర్మాణం 1920లో ముగిసింది. 1994లో ఇక్కడి అడవి మృగవని జాతీయోద్యానం అయినది. ఊరి పేరును ‘చిలుకలు గల ఊరు’ అని చెప్పుకోవడం లోకనిరుక్తి. చిలుకూరు అనే రూపంలోని నడిమి ఉకారం తెలంగాణపు ఉచ్చారణలో లోపించి చిల్కూరు అయినదని మాత్రం నిస్సంశయంగా చెప్పవచ్చును. ఈ పేరు గల ఊళ్ళు తెలుగునాట మరికొన్ని ఉన్నవి కనుక చిలుకూరి అనే ఇంటిపేరు గలవారందరినీ ఈ ఊరికే ముడిపెట్టడం కుదరదు. శాసనంలో ప్రాచీనరూపం దొరకనిదే గ్రామనామానికి వ్యుత్పత్తి చెప్పడం ఇసుకలో ముగ్గు వేయడం వంటిది.

అటువంటి శాసనరూపానికి ఆశ కల్పించిన సంగతి 2023లో వెలుగులోకి వచ్చింది. చిల్కూరుకు సమీపంలో అదే మండలానికి చెందిన ఎనికేపల్లి గ్రామంలో చెరువు తూము గోడలకు అమర్చిన రెండు చతురస్రస్తంభాలను పురావస్తుపరిశోధకులు ఈమని శివనాగిరెడ్డి పరిశీలించి ప్రకటించారు. ఒకటి గ్రానైటు, మరొకటి నల్లరాయి. వాటిమీద ధ్యానముద్రలో ఉన్న ఆదినాథ, నేమినాథ, పార్శ్వనాథ, వర్ధమాన మహావీర తీర్థంకరుల ప్రతిమలు ఉన్నవి. పైభాగాన కీర్తిముఖాలు చెక్కి ఉన్నవి. రెండు స్తంభాలపైన తెలుగు–కన్నడ లిపిలో శాసనాలున్నవి గాని, రాళ్ళు గోడలో ఇమిడి ఉండడం వలన పూర్తిగా చదవడానికి వీలు కాలేదు. కనపడుతున్న కొంతభాగంలో జైన బసది ప్రస్తావన ఉన్నదనీ, అది చిల్కూరు వద్ద రాష్ట్రకూటుల, వేములవాడ చాళుక్యుల కాలంలో, అనగా క్రీ.శ. 9–10 శతాబ్దులలో వర్ధిల్లిన జైనకేంద్రానికి సంబంధించినదనీ ఆయన నిర్ణయించారు.

ఇక్కడ కొంచెం నిలిచి ఆలోచించవలసి ఉన్నది. ‘బసది’ అనేది సంస్కృత ‘వసతి’ శబ్దానికి వికృతి. వసతి అంటే నివాసం. బసది ఉన్నదంటే మునులు ఉన్నారు, వారికి ఆహారం పెట్టే శ్రావకుల ఊరు ఉన్నది, ఆ బసదికి నడవడానికి మాన్యం ఉన్నది, మాన్యం పండడానికి నీరు ఉన్నది. అంటే ఆ రెండు స్తంభాల వెనుక ఒక ఊరి జీవితం మొత్తం ఉన్నది. ఆ ఊరు ఎక్కడ? బసది ఎక్కడ? నేటి చిల్కూరు కిందనే ఉన్నదా, పొలాలలో ఏదో పాటికింద ఉన్నదా, జలాశయపు టంచులో ఉన్నదా? తూములో దొరికిన రాయి తూముకు సాక్ష్యం కాదు. అది మరొక చోటినుంచి వచ్చినది. తూము కట్టేవారికి నలుపలకలుగా చెక్కి సిద్ధంగా ఉన్న స్తంభం కంటె అనువైన రాయి దొరకదు. పాడుపడిన గుడి రాయి చెరువుకు పోవడం, చెరువు తెగితే ఆ రాయి ఇంటి గడపకు పోవడం పల్లెలలో సాధారణమే. బరువైన స్తంభాన్ని ఎద్దుబండిమీద ఎంతో దూరం లాగరు గనుక మూలస్థానం రెండు మూడు కోసుల లోపలనే ఉండవచ్చునని ఊహించడం యుక్తం.

రెండు స్తంభాలు రెండు జాతుల రాళ్ళు కావడం మరొక ప్రశ్నను లేవదీస్తున్నది. చిల్కూరు, మొయినాబాదు ప్రాంతమంతా గ్రానైటు నేల. చేవెళ్ళ దాటి పడమరగా వికారాబాదు వైపు పోయేకొద్దీ దక్కను నల్లరాతి పొరలు ఎదురవుతాయి. గ్రానైటు స్తంభం ఉన్నచోటనే చెక్కి ఉండవచ్చు. నల్లరాతి స్తంభం కోసం మాత్రం రాయి తెప్పించి ఉంటారు. ఒకే కట్టడంలో ఒకే కాలాన ఇద్దరు దాతలు రెండు రకాల రాళ్ళు వాడారా, లేక ముందొక కట్టడం, తరువాత జీర్ణోద్ధరణం జరిగినవా? ఈ ప్రశ్నకు ప్రతిమాలక్షణం కొంతవరకు సమాధానం ఇవ్వగలదు. భుజాలమీదికి జారిన జటలు ఆదినాథునికీ, తలపై సర్పఫణం పార్శ్వనాథునికీ గుర్తులు. ఇవి రెండు స్తంభాలమీద ఒకే తీరున మలచబడినవో లేదో సరిపోల్చితే శిల్పిహస్తం తెలుస్తుంది. నిశ్చయమైన సమాధానం మాత్రం లిపి వలననే రావలసి ఉన్నది.

ఆ కాలపు జైనవాఙ్మయచరిత్ర ఈ పత్రిక పాఠకులకు కొత్త కాదు. రెండవ అరికేసరి ఆస్థానంలో పంపకవి విక్రమార్జునవిజయం రచించాడు. సోమదేవసూరి గంగాధరపట్టణంలో ఉండి 959లో యశస్తిలకచంపువును పూర్తిచేశాడు. 966 నాటి పర్భణీ తామ్రశాసనం ప్రకారం మూడవ అరికేసరి ఆ సోమదేవునికి వేములవాడలోని శుభధామజినాలయం నిమిత్తం గ్రామదానం చేశాడు. పటాన్‌చెరు, కొలనుపాక ఆ కాలాన జైనకేంద్రాలే. చిల్కూరు ఈ మాలికలో ఒక పూస కావడం వింత కాదు. వింత ఏమంటే కావ్యాలు చదివే విద్యార్థికి గంగాధరం, వేములవాడ గ్రంథాలలోని పేర్లుగానే మిగిలిపోవడం. ఆ కాలపు రాయి తన ఊరి చెరువులో నీళ్ళు తాగుతున్నదని తెలియకపోవడం.

కరీంనగరం జిల్లా గంగాధర మండలంలో కురిక్యాల దగ్గరి బొమ్మలగుట్ట శాసనాన్ని ఈ సందర్భాన ప్రత్యేకంగా స్మరించాలి. పంపకవి తమ్ముడు జినవల్లభుడు ఆ గుట్టమీద చక్రేశ్వరిని, జినబింబాలను చెక్కించి, సంస్కృత కన్నడ తెలుగు భాషలలో శాసనం వ్రాయించాడు. అందులోని తెలుగు కందపద్యాలు నన్నయకు ముందు కాలానివి. ఆ శాసనం జినవల్లభుడు త్రిభువనతిలకమనే బసదిని, కవితాగుణార్ణవమనే చెరువును, మదనవిలాసమనే తోటను ఏర్పరచినట్లు చెపుతున్నది. బసదికి జతగా చెరువు ఉండడం గమనింపదగినది. కవి బిరుదుతో చెరువును తవ్వించిన కాలం అది. అక్కడ బసది చెరువును కన్నది. ఎనికేపల్లిలో చెరువు బసది రాళ్ళను దాచి కాపాడింది. కాపాడిందనే మాటలో అతిశయోక్తి లేదు. తూములో ఇమడక విడిగా పడి ఉన్నట్లయితే ఆ స్తంభాలు కంకరగానో, గుప్తనిధుల వేటగాళ్ళ గడ్డపారలకు ముక్కలుగానో మారి ఉండేవి.

జనం పెట్టిన ‘బొమ్మలగుట్ట’ అనే పేరు మరొక పాఠం చెపుతున్నది. శాసనభాష మరుగునపడి శతాబ్దాలు గడచినా, లిపి చదివేవారు లేకపోయినా, గుట్టమీద బొమ్మలున్నాయన్న సంగతిని ఆ పేరు మోసుకొచ్చింది. ఎవరి బొమ్మలో మాత్రం చెప్పలేదు. ఇదే లక్షణం ఇతర పేర్లలోనూ ఉన్నది. ఆదిమానవుల బృహచ్ఛిలాసమాధులు రాక్షసగుళ్ళు, రాకాసిగుళ్ళు అయినవి. భూపాలపల్లి జిల్లాలో 1990లో వెలుగుచూసిన చిత్రిత శిలాశ్రయాలు పాండవులగుట్టలో ఉన్నవి. కడప జిల్లాలో పెన్న ఒడ్డున ఇసుకదిబ్బల కింద కప్పుబడిన జైనాలయం గల ఊరు దానవులపాడు. అక్కడ 20వ శతాబ్ది ఆరంభంలో త్రవ్వకాలు జరిగినప్పుడు రాష్ట్రకూట నిత్యవర్షుడు, అనగా మూడవ ఇంద్రుడు, శాంతినాథుని అభిషేకం కోసం చేయించిన పానవట్టం శాసనంతో సహా బయటపడినది. తెలుగుదేశంలో ఇసుకకు ఒరిగిన ఊరు ఏదని అడిగితే చూపదగినది అదే. అహింసావ్రతుల నెలవుకు దానవుల పేరు రావడం వెనుక మతవైరం ఉన్నదని కొందరు తొందరపడి చెప్పవచ్చును. అంత దూరం పోనక్కరలేదు. తమ చేతికి సాధ్యం కాదని తోచిన పెద్ద రాతిపనిని జనం రాక్షసులకో, దానవులకో, పాండవులకో అప్పగిస్తారు. పేరు చోటును గుర్తుంచుకుంటుంది, మనిషిని మరచిపోతుంది. రాయి మనిషిని గుర్తుంచుకుంటుంది, చోటు విడిచిపోతుంది. కాబట్టి ఒకదానిని విడిచి రెండవదానిని చదివితే సగమే తెలుస్తుంది.

చిల్కూరు బాలాజీ ఆలయ సంప్రదాయాన్ని కూడ ఈ దృష్టితోనే చూడవలసి ఉన్నది. ఏటేటా తిరుపతి వెళ్ళే భక్తుడు ముసలితనాన వెళ్ళలేక కుందుతుండగా స్వామి కలలో కనపడి తన ఉనికి చెప్పాడనీ, పుట్టను తవ్వగా గడ్డపార తగిలి విగ్రహం బయటపడినదనీ ఐతిహ్యం. భూమిలో విగ్రహం దొరకడం అనేది ఎన్నో స్థలపురాణాలలో కనిపించే కథాంశం. అది పూర్వపు శిథిలాలపై కొత్త ఆలయం వెలసిన జ్ఞాపకం కావచ్చును, కాకపోవచ్చును. సమీపంలో జైనస్తంభాలు దొరికినవి కనుక ఆలయం బసదిమీద కట్టినదేనని వాదించడానికి ఆధారం ఏదీ లేదు. ఇటువంటి ఊహలు పరిశోధనకు మేలు చేయవు. స్తంభాలకు మాత్రం కీడు చేస్తాయి.

ఆ ఆలయాన్ని అక్కన్న మాదన్నల కాలానికి ముడిపెట్టే సంప్రదాయం మనలను గోలకొండకు, గోలకొండ ద్వారా పాతగనులకు తీసుకుపోతున్నది. గోలకొండ రత్నాలన్న మాట ప్రపంచమంతటా వినబడినా గోలకొండలో గని లేదు. అది అమ్మకానికీ, సానకూ నెలవు. గనులు కృష్ణా, పెన్నా పరీవాహాలలో ఉన్నవి. వాటిలో మిక్కిలి పేరు పొందిన కొల్లూరు గనిని 17వ శతాబ్దిలో ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే దర్శించి, అక్కడ 60,000 మంది పనిచేస్తున్నారని వ్రాశాడు. ఆ గనిని దేశభాషలో ‘గని’ అనీ, పారసీకంలో ‘కొల్లూరు’ అనీ అంటారని ఆయన చెప్పాడు. తెలుగు తెలిసినవాడు ఎవడైనా చదివితే నవ్వు వస్తుంది. ఊరు చివర గల కొల్లూరు అచ్చమైన తెలుగు గ్రామనామం. గని అనేది ఊరి పేరు కాదు, తవ్వేచోటికి సామాన్యనామం. ‘ఇది ఏమిటి’ అని ఆయన అడిగి ఉంటాడు, ‘గని’ అని కూలివాడు చెప్పి ఉంటాడు. రెండు శతాబ్దాల తరువాత ఆ గ్రంథాన్ని ఆంగ్లంలోకి తెచ్చిన భూగర్భశాస్త్రవేత్త వాలెంటైన్ బాల్, కృష్ణ ఒడ్డున ఆ చోటును గుర్తించడానికి పటాలు శోధించవలసి వచ్చింది. 60,000 మంది పనిచేసిన చోటు ఆ నాటికి వెతుక్కోవలసిన చోటు అయిపోయినది.

నమీబియా ఎడారిలో కోల్‌మన్స్‌కోప్ అనే ఊరు ఉన్నది. 1908లో అక్కడ వజ్రం దొరికింది, ఊరు వెలసింది. 1956 నాటికి అందరూ విడిచిపోయారు. ఇప్పుడు ఇళ్ళలో మోకాటిలోతు ఇసుక ఉంటుంది, గోడలు మాత్రం నిలిచి ఉన్నవి. కొల్లూరు గతి వేరు. పులిచింతల జలాశయం దానిని ముంచివేసింది. వజ్రాల ఊరు ఒకటి ఇసుకపాలు, ఒకటి నీటిపాలు. ఇసుకలోనిది చూడవచ్చును; నీటిలోనిది చదువుకోవలసినదే.

ఇనుపగనుల సంగతికి వస్తే నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రం ఉక్కును వాయిసీ 19వ శతాబ్ది పూర్వార్ధంలో వర్ణించాడు. పారసీక వర్తకులు ఆ ఉక్కు కోసమే అక్కడికి వచ్చేవారు. ఐరోపాలో ‘వూట్జ్’ అని పేరు పొందిన లోహానికి మూలం మన ‘ఉక్కు’ శబ్దమే. అటువంటి చోట్ల పాటిమన్నుతో పాటు నల్లని, బోలుబోలుగా ఉండే చిట్టెపు రాళ్ళు కుప్పలుగా కనపడతాయి. ఇనుము కరగించగా మిగిలిన మడ్డి అది, సంస్కృతంలో లోహకిట్టం. చిట్టెం ఉన్న పాటి కమ్మరుల ఊరి పాటి అని గుర్తించడానికి పెద్ద శాస్త్రం అక్కరలేదు. కాని పొలం చదును చేసేటప్పుడు మొదట ఏరి పారవేసేది కూడ ఆ చిట్టాన్నే.

గనులకూ శాసనాలకూ విచిత్రమైన స్నేహం ఒకటి ఉన్నది. నైజాము రాష్ట్రంలో భాగంగా ఉండిన రాయచూరు జిల్లాలో హట్టి బంగారుగనుల పాతగుంతలు సుమారు 2,000 ఏళ్ళ నాటివి. ఆ సీమలోనే బంగారం కోసం కొండలు తిరుగుతున్న బీడన్ అనే గని ఇంజనీరు 1915లో మస్కి వద్ద ఒక శిలాశాసనాన్ని చూశాడు. హెచ్. కృష్ణశాస్త్రి దానిని చదివి ప్రకటించాడు. దేవానాంప్రియుడు అశోకుడేనని పేరుతో సహా చెప్పి వివాదం తీర్చిన శాసనం అదే. 1929లో కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకశాసనాలను కనుగొన్న అను ఘోష్ కూడ భూగర్భశాస్త్రవేత్తయే. రాతిలో లోహం వెతికినవారికి అక్షరం దొరికినది. అక్షరం వెతికేవారు రాతిని చూడడానికి బయలుదేరడం మనలో ఇంకా అరుదుగానే ఉన్నది.

రాతిబొమ్మల విషయం క్లుప్తంగా చెప్పాలి. పాండవులగుట్ట, సంగారెడ్డి జిల్లా ఎడిత్తనూరు, కర్నూలు జిల్లా కేతవరం మొదలైన చోట్ల జేగురుతో వ్రాసిన మృగాలు, మనుషులు, చేతిముద్రలు ఉన్నవి. జేగురు అంటే సంస్కృతంలో గైరికం, ధాతురాగం. మేఘసందేశంలో యక్షుడు శిలమీద ప్రియురాలి రూపాన్ని లిఖించేది ఈ ధాతురాగంతోనే. ఆ ఘట్టానికి వ్యాఖ్యానం చెప్పే ఉపాధ్యాయుడు విద్యార్థులకు జేగురుబొమ్మ ఒకటి చూపగలిగితే ‘ధాతురాగైః’ అన్న మాట పదార్థమై కంటికి కనపడుతుంది. పాండవులగుట్ట ఇసుకరాయి కనుక గొడుగులవలె ముందుకు వంగిన చరియలు ఏర్పడి బొమ్మలను వాననుంచి కాచినవి. హైదరాబాదు చుట్టుపట్ల గ్రానైటు గుండ్లు ఉల్లిపొరలవలె పొరలు విడిచి రాలే స్వభావం గలవి. పొరతో పాటు బొమ్మ పోతుంది. కనుక చిల్కూరు గుట్టలలో నేడు బొమ్మలు కనపడకపోవడం పూర్వం లేవనడానికి ప్రమాణం కాదు. గుండు ఒరిగి నీడపడిన లోపలిమొగాలను చూడనిదే ఏదీ తేల్చరాదు.

వెతకడానికి వ్యవధి ఎంత ఉన్నదనేదే అసలు ప్రశ్న. పాటిమన్ను మంచి ఎరువని తరతరాలుగా రైతులు బండ్లతో తోలుకొని పోయారు. ఆ తవ్వకం నెమ్మదిగా సాగినది. పెంకులు పొలంలోనే మిగిలేవి. ఇప్పుడు యంత్రం ఒక పూటలో దిబ్బను నేలమట్టం చేస్తుంది. కురిక్యాల బొమ్మలగుట్ట చుట్టూ గ్రానైటు తవ్వకాలు ఆ శాసనానికే ముప్పు తెచ్చినవి. తెలుగుకు 2008లో ప్రాచీనభాష హోదా లభించడానికి పేర్కొన్న సాక్ష్యాలలో ఆ శాసనం ఒకటి అయినప్పటికీ ఈ స్థితి. చిల్కూరు విషయంలో పరిస్థితి వేరు. జంటజలాశయాల రక్షణకై 1996లో వెలువడిన 111వ ప్రభుత్వ ఉత్తర్వు చిల్కూరుతో సహా 84 గ్రామాలలో నిర్మాణాలపై ఆంక్షలు పెట్టింది. నీటి కోసం చేసిన ఆ నియమం పాటిదిబ్బలను కూడ కొంతవరకు కాపాడినదని చెప్పవచ్చును. ఆ ఆంక్షల సడలింపుకు 2022లో 69వ ఉత్తర్వు వచ్చింది. ఇళ్ళస్థలాలుగా విడదీసిన పొలానికి మొదట పోయేది గట్టు, తరువాత పోయేది పేరు. ‘పాటిమీది చేను’ ప్లాటు నంబరుగా మారిన తరువాత ఆ మాట చెప్పే ముసలివారు ఉన్నా అడిగేవారు ఉండరు.

కనుక ఈ ప్రాంతంలో పనికి ఒక వరుస అవసరం. త్రవ్వకాలు ప్రభుత్వశాఖల పని, ఖర్చుతో కూడినది. పేర్ల సేకరణకు అటువంటి అడ్డంకి లేదు. మొయినాబాదు, చేవెళ్ళ మండలాలలో ఒక్కొక్క ఊరికీ చేల పేర్లు, కుంటల పేర్లు, గుట్టల పేర్లు, విడిచిన బొడ్రాళ్ళు, పాత ఊరి దేవతలు, పహాణీలలోని బేచిరాగులు వ్రాసుకోవడం ప్రాచ్యకళాశాల విద్యార్థులు సెలవులలో చేయగల పని. పాటి, పాడు, బసది, బొమ్మ, చిట్టెం, సన్యాసి అనే మాటలు కనపడిన చోట గుర్తు పెట్టాలి. ఉచ్చారణను సవరించి వ్రాయరాదు. రైతు ఎట్లా అన్నాడో అట్లాగే వ్రాయాలి. ఎన్కేపల్లి అన్నవానిచేత ఎనికేపల్లి అనిపించి వ్రాసుకుంటే సాక్ష్యం చెడుతుంది. ఆ పేరులో ఏనుగు ఉన్నదా లేదా అన్నది తరువాతి మాట.

తూములోని శాసనాల విషయానికి వస్తే, వాటిని ఊడదీయడం ఊరివారి అంగీకారంతో, తూము పనికి భంగం రాకుండ జరగాలి. ఎండాకాలం నీరు తగ్గినప్పుడు కనపడే మేరకు మరొకసారి అచ్చు తీయడం ముందుగా చేయదగినది. రాతిని కుంచెతో కడిగి, తడిపిన కాగితం పరచి, కుంచెతో మెత్తగా మోదితే కాగితం అక్షరాల లోతులలోకి దిగుతుంది. ఆరుతున్న దశలో మసిబుట్టతో అద్దితే అక్షరం తెల్లగా, నేల నల్లగా వస్తుంది. కంటికి అందని గీత కాగితం మీద అందిన సందర్భాలు శాసనపరిశోధకులకు అనుభవమే. గోడలోపలికి పోయిన ముఖాలమీద ఏమి ఉండవచ్చునో ఆ కాలపు దానశాసనాల పోలికతో ఊహించవచ్చును: శకవర్షం, సంవత్సరనామం, ఏలుతున్న రాజు పేరు, దాత పేరు, ప్రతిగ్రహీత అయిన ఆచార్యుని పేరు, గణగచ్ఛాలు, దానమిచ్చిన భూమి కొలత. అన్నిటికంటె ముఖ్యంగా ఆ భూమి ఎల్లలు. తూర్పున ఏ ఊరి పొలిమేర, దక్షిణాన ఏ కుంట, పడమర ఏ గుట్ట, ఉత్తరాన ఏ బాట అని వ్రాసిన నాలుగు పంక్తులు ఆ గోడలో ఉన్నట్లయితే, అందులోని ఊళ్ళపేర్లలో కొన్ని నేటి పటంలో ఉండవు. వాటిని సరిపోల్చడానికి కావలసినది రైతులు చెప్పిన ఆ పాటిచేల జాబితాయే.